జారుడు పీట

పెన్జాన్స్,
శనివారం, 3 నవంబరు 2001

లవ్‌డే పెద్దమ్మకు,

ఈ రోజు మొదటి వింత: పొద్దున్నే మాసిన బట్టల మూట పట్టుకుని హాస్టల్లో బట్టలుతికే గది తలుపు తీస్తే, లోపల నీళ్లూ పడవా లేకుండా తెడ్డు వేసే యంత్రం ఒకటి కూర్చుని ఉంది. వాషింగ్ మెషీన్లు రెండూ కొత్త చుట్టాన్ని చూసినట్టు దాన్నే చూస్తున్నాయి.

నువ్వు ఇలాంటిది చూసి ఉండవు కాబట్టి రాస్తున్నాను. పొడుగాటి ఇనుప పట్టా, దాని మీద చిన్న పీట, ముందువైపు చిల్లుల రేకు వెనక ఒక పంకా, పంకాకు గొలుసు, గొలుసు చివర అడ్డకర్ర. కర్ర పట్టుకుని లాగితే పంకా తిరుగుతుంది. ఎంత గట్టిగా లాగితే గాలి అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది, నీళ్ల లాగే. ఎంత దూరం పోయామో చిన్న తెర మీద అంకెలు పడతాయి. నిజానికి పోయేది ఎక్కడికీ లేదు. మూతపడిన జిమ్ము సామాను అమ్ముతుంటే వార్డెన్ ట్రెగియర్ మేడమ్ కొన్నారట. వేరే చోటు లేక ఇక్కడ పెట్టించారు.

చూడగానే నాకు నువ్వు చుక్కాని పట్టే డోర్కాస్ పడవలో మూడో పీట గుర్తొచ్చింది. బిడ్డ పుట్టబోతోంది కాబట్టి వచ్చే ఏడాది తెడ్డు పట్టనని అందులో కూర్చునే ఆనర్ చెప్పేసింది కదా. ఆ పీట నాకు కావాలి పెద్దమ్మా. చిన్నప్పటినుంచి చూస్తున్నాను. మే నెలలో పోటీలకు ఎక్కడెక్కడి ఆరు తెడ్ల గిగ్గు పడవలో అన్నీ వచ్చి మన దీవుల ముందు వరసగా నిలబడతాయి, నేను ఒడ్డున నిలబడి యాత్రికులకు శాండ్‌విచ్‌లు అమ్ముతాను. వచ్చే మేలో అమ్మను. ఫిబ్రవరి సెలవుల్లో నువ్వు పెట్టే పరీక్షకు వస్తాను. అప్పటిదాకా ఆదివారం తప్ప రోజూ కాలేజీకి వెళ్లే ముందు ఈ మిషను మీద కూర్చుంటాను. ఇది మాట.

మాట అంటే గుర్తొచ్చింది, నాకు ఈ మధ్య మాటల పిచ్చి పట్టింది. ఇక వారానికొక మాట ఎంచుకుని పెద్ద అక్షరాలతో రాసి మిషను ఎదుటి గోడకు అంటిస్తాను. ఈ వారం మాట ‘నిలకడ’. మాట నిలకడే గానీ నా కింద పీటకు నిలకడ లేదు, లాగినప్పుడల్లా వెనక్కి జారి మళ్లీ ముందుకొస్తోంది. మొదటిసారి కాబట్టి అలా ఉందేమో.

అమ్మ ఆదివారాలు ఫోను చేస్తుంది. నీతో ఫోనంటే నీ చెవులకూ శిక్షే, నా గొంతుకూ శిక్షే. కాబట్టి మనకి ఉత్తరాలే.

నీ
కెరెన్సా


బ్రైహర్,
15 నవంబరు

కెరెన్సా,

గాలివాటం బాగాలేక సరుకుల ఓడ ఆలస్యంగా వచ్చింది, నీ ఉత్తరం పాత వార్తలా చేరింది. ఇక్కడ పసుపుపూలు ముందే విచ్చుకున్నాయి. పొద్దుటినుంచి కోసి కట్టలు కట్టడమే. కాడల జిగురుకు నా వేళ్ల మధ్య ఎప్పటిలాగే పొక్కులొచ్చాయి, అందుకే ఈ రాత ఇలా ఉంది. నా రాత ఎప్పుడూ ఇలాగే ఉంటుందని మీ అమ్మ పక్కనుంచి అంటోంది.

పీట జారుతోందని రాశావు చూడు, అది చదివి మీ అమ్మా నేనూ కాసేపు నవ్వుకున్నాం. ఆ తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది. చవగ్గా వచ్చిందంటే ఊరికే వస్తుందా పిల్లా? ఎక్కడో మర ఊడి ఉంటుంది. కుదురులేని పీట మీద కూర్చుని లాగితే నడుం విరిగి మూల కూర్చుంటావు. కలప అయితే మేకు కొట్టించుకోమందును, ఇనుమంటున్నావాయె. అందుకని గట్టి తాడు ఒకటి పంపిస్తున్నా. పూలపెట్టెల మధ్య పెట్టించాను, సరుకుల రేవులో నీ పేరు చెప్పి అడుగు. పీటను పట్టాకు బిగించి కట్టు. రెండు ముడులు వెయ్యి, ఒకటి కాదు.

ఇక మూడో పీట మాట. నేను ఉత్తరాల్లో పీటలు పంచను. పోస్టాఫీసు వాళ్ల మెర్రిన్ కూడా దాని మీద కన్నేసింది. అది ఇక్కడుంది, వానలో నీళ్ల మీదుంది. నువ్వు గోడ ముందున్నావు. ఉన్న మాట చెప్పా, మూతి ముడవకు.

చలికి బనీను వేసుకో.

పెద్దమ్మ


పెన్జాన్స్,
27 నవంబరు

పెద్దమ్మా,

తాడు అందింది. పూల వాసన, తారు వాసన కలిసి వచ్చాయి. విప్పగానే గదిలో అమ్మాయిలంతా ముక్కులు పైకెత్తారు, నేను మాత్రం ఒక్క క్షణం మన షెడ్డులో ఉన్నాను.

కానీ కట్టలేదు. పీట పాడవలేదు పెద్దమ్మా! అది జారాలట. అలాగే చేశారట. మా కాలేజీలో ఆటలు నేర్పే పాస్కో సార్ వచ్చి చూపించారు. ముందుకు జారి మోకాళ్లు మడవాలి, కాళ్లతో తన్ని వెనక్కి జారాలి, ఆ తర్వాతే నడుం, ఆ తర్వాతే చేతులు. నేను మొదటి వారమంతా చేతులతో పీకి పీకి భుజాలు పాడుచేసుకున్నాను. ఇప్పుడు కాళ్లతో తంతుంటే పంకా గుయ్యిమని పాడుతోంది. ప్రతి వారం తెర మీద అంకె మెరుగవుతోంది. సార్ నా తొడలు చూసి, “ఈ కాళ్లు నది పడవల్లో ఉండాల్సినవి, ఫాల్మత్ అవతల మా వాళ్లకు చెప్పనా?” అన్నారు. నాకు భలే గర్వంగా అనిపించింది, నీతో కాక ఎవరితో చెప్పుకోను?

తాడు వృథా కాలేదు. గదిలో అడ్డంగా కట్టి బట్టలు ఆరేసుకుంటున్నాం.

రోజూ చేయడం ఎలా ఉంటుందని అడగలేదు గానీ చెబుతాను. మొదటి వారం ఉత్సాహం లాగుతుంది. రెండో వారం ఏదీ లాగదు, మనమే లాగాలి. లేవగానే బుర్రలో ఒక లాయరు కూర్చుని వాదిస్తాడు: నిన్న బాగా చేశావు, ఇవాళ వాన, రేపు పరీక్ష. అతనితో వాదించకూడదని తెలుసుకున్నాను. అతను మాట్లాడుతుండగానే బూట్లు వేసుకోవాలి. బూట్లు వేసుకున్నాక అతనే నోరు మూసుకుంటాడు. నా పక్కమంచం జొయన్ రోజూ తడి బట్టలు తీసుకోవడానికి వచ్చి, “ఎక్కడిదాకా వెళ్లావే ఇవాళ?” అంటుంది. “డ్రైయరు దాకా,” అంటాను. “రేపు?” “ఇస్త్రీ బల్ల దాకా.” ఇలా పోతే వేసవికి మెట్లు ఎక్కుతానని అది అందరికీ చెబుతోంది.

ఈ వారం మాట ‘ఏకధాటి’. చూడ్డానికే పొడుగ్గా, తెగకుండా ఉంది కదూ?

కెరెన్సా


బ్రైహర్,
10 డిసెంబరు

కెరెన్సా,

తాడు బట్టలకు పనికొచ్చినందుకు సంతోషం.

కాళ్ల సంగతి మీ అమ్మకు ఫోనులో కూడా చెప్పావట. నది పడవలవాళ్ల గురించి చెబుతుంటే పిల్ల గొంతు వెలిగిపోతోందక్కా, అంది. మంచిది. ఆ పడవలు నేనూ చూశాను, ఒకసారి పెద్దనేలకు, నువ్వున్న ఒడ్డుకు, వెళ్లినప్పుడు. కర్రపుల్లంత సన్నంగా ఉంటాయి, అందులో మనుషులు ముందుకీ వెనక్కీ సొరుగుల్లా తిరుగుతుంటారు. అల వస్తే ఇంటికి పోతారు. ఎవరి ఇష్టం వాళ్లది. నేను ఎవరి కాళ్లకూ బంధం వేసేదాన్ని కాను.

మా పడవలో పీట అంటే పలక. కొట్టిన చోటే ఉంటుంది.

పూలు ఎక్కువగా ఉన్నాయి, పని ఉంది. క్రిస్మస్‌కు వస్తావుగా, మాట్లాడుకుందాం.

పెద్దమ్మ


పెన్జాన్స్,
29 డిసెంబరు

పెద్దమ్మా,

నీకు తెలిసిందే, మాట్లాడుకోవడం కుదరలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని హెలికాప్టర్ స్టేషన్లో రెండు రోజులు కూర్చున్నాను. కిటికీ అవతల పొగమంచు తప్ప ఏమీ లేదు. కౌంటర్లో ఆయన ప్రతి గంటకూ వచ్చి, “దీవులు ఉన్నాయని మనం నమ్మాలి, కనబడవు,” అనేవాడు. మూడోరోజు ట్రెగియర్ మేడమ్ వచ్చి తన ఇంటికి తీసుకెళ్లారు. బాతు వండారు. ఆవిడ భర్త నాకు చదరంగం నేర్పి, వెంటనే ఓడించాడు.

పండగ రోజు పొద్దున హాస్టల్ తాళం అడిగి తీసుకుని మిషను మీద కూర్చున్నాను. భవనంలో నేనొక్కదాన్నే. పంకా ఆగినప్పుడు ఎంత నిశ్శబ్దమంటే, గోడ మీది మాట నాకే వినబడినట్టయింది. ఆ మాట ‘పట్టు’.

నిన్న అమ్మ ఫోను చేసింది. “మెర్రిన్ మూడో పీటలో కూర్చుంటోందే, బాగా లాగుతోందట,” అంది. అమ్మ మామూలుగానే చెప్పింది. నేనూ మామూలుగానే విన్నాను.

ఒక్కటే అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఫిబ్రవరిలో పరీక్ష ఉందా, లేక అయిపోయిందా? అయిపోతే ఆ సంగతి నువ్వే రాయి. అమ్మ ద్వారా వద్దు.

కెరెన్సా


బ్రైహర్,
12 జనవరి 2002

కెరెన్సా,

పరీక్ష ఉంది. నువ్వే లేవనుకున్నా. నది వాళ్లలో కలిసిపోయావనుకున్నా. ఆరు తెడ్లకు ఆరు వీపులు కావాలి, ఖాళీ పీటతో పడవ వంకర పోతుంది. అందుకే మెర్రిన్‌ను కూర్చోబెట్టా. నువ్వు మమ్మల్ని పక్కన పెట్టావని నేను నిన్ను పక్కన పెట్టా. ఇందులో దాచడానికేముంది?

ఇప్పుడు ఒక సంగతి విను, నవ్వితే నవ్వు. మంగళవారం పన్ను పీకించుకోవడానికి సెయింట్ మేరీస్ వెళ్లా. డాక్టరు ఆలస్యం. తిరుగు పడవకు చాలా టైముంది. పక్కనే ఆటల హాలు, అందులో నీ మిషను లాంటిదే ఒకటి ఉంది. ఒక కుర్రది దాని మీదనుంచి దిగి, “చేస్తారా బామ్మా?” అంది. బామ్మా! పట్టుదల వచ్చి కూర్చున్నా. డోర్కాస్‌లో కూర్చున్నట్టే కాళ్లు తన్నిపెట్టి ఒక్క లాగు లాగా. పీట నా కిందనుంచి పారిపోయింది. నేను వెల్లకిలా, కర్ర పైకప్పు వైపు, చెప్పు ఒకటి తలుపు దగ్గర. పళ్ల డాక్టరు దగ్గర కంటే అక్కడే ఎక్కువ అరిచా. ఆ కుర్రది నన్ను లేపి కూర్చోబెట్టి, “కాళ్లతో బామ్మా, కాళ్లతో,” అని పాఠం చెప్పింది.

సరే, పీట జారాలని చేశారు, ఒప్పుకున్నా. నువ్వు చెప్పింది నిజమే. మర ఊడలేదు.

కానీ కూర్చున్నాక నాకొకటి అర్థమైంది. ఆ మిషను మీద కాళ్లు మొత్తం పని చేసేసి, నడుం చుట్టంలా చివర్లో వస్తుంది. మన పడవలో పీట నీతో రాదు. ముందుకు వంగి నీళ్లు పట్టుకున్న దగ్గర్నుంచి ఛాతీ దాకా నడుమే మోయాలి. కాళ్లు ఊతం, అంతే. నువ్వు నవంబరునుంచి కట్టింది మంచి ఇల్లే గానీ వేరే వాళ్ల స్థలంలో కట్టావు.

తాడు మీద బట్టలుంటే తీసేసి పీటకు కట్టు. నవంబరులో చెప్పిన మాటే. అప్పుడు కారణం తప్పు చెప్పా, పని సరిగ్గానే చెప్పా.

ఫిబ్రవరి 16న పరీక్ష. రాదలుచుకుంటే రా.

పెద్దమ్మ


పెన్జాన్స్,
24 జనవరి

పెద్దమ్మా,

కట్టాను. రెండు ముడులు వేశాను.

మొదటిరోజు తెర మీద అంకె చూసి మిషను పాడైందనుకున్నాను. పాడవలేదు. నవంబరు మొదటి వారంలో ఎక్కడున్నానో అంతకంటే వెనక ఉన్నాను. మూడు నెలల కష్టాన్ని ఒక తాడు ముక్క తుడిచేసింది. ఆ రోజు కోపంగా ఏమీ లేదు. వింతగా ఉంది, మన ఇంటి మెట్లే చీకట్లో దిగుతుంటే ఒక మెట్టు ఎక్కువైనట్టు.

పాస్కో సార్ చూసి తల పట్టుకున్నారు. “ఇదేమిటమ్మా! పరుగెత్తే గుర్రానికి ముందుకాళ్లు కట్టేసినట్టు!”

“మా పెద్దమ్మ కట్టమంది సార్.”

“మీ పెద్దమ్మ ఎప్పుడైనా దీని మీద కూర్చుందా?”

“కూర్చుంది సార్. పడింది కూడా.”

ఆయన నవ్వి వెళ్లిపోయారు. నది వాళ్ల సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను ఎప్పుడూ వెళ్తానని అనలేదు పెద్దమ్మా. ఆయన మెచ్చుకున్నారని రాశానంతే. నీకు అది వెళ్లిపోవడంలా వినబడింది. ముందే అడిగి ఉండొచ్చు కదా.

ఇప్పుడు నొప్పి ఎక్కడో చెప్పను, కూర్చునే చోట అని మాత్రం చెబుతాను. క్లాసులో నిలబడి నోట్సు రాసుకుంటున్నాను. చరిత్ర టీచరు నాకు తన మీద గౌరవం పెరిగిందనుకుంటోంది. జొయన్ తన దిండు అప్పిచ్చింది, “తిరిగివ్వక్కర్లేదు,” అంది.

ఒకటి గమనించాను. జారుతున్నప్పుడు ఆలోచనలు కూడా జారిపోయేవి, సమయం తెలిసేది కాదు. ఇప్పుడు ప్రతి లాగుడూ విడిగా తెలుస్తోంది. ఏదీ రెండోదాన్ని మోయదు. రోజూ అదే పని అని జనం అంటారు గానీ, ఒక్కరోజూ అదే పని కాలేదు. వారం మాట మార్చలేదు. ‘పట్టు’ ఇంకా గోడ మీదే ఉంది, దాని పని పూర్తికాలేదు.

16న వస్తాను. పొగమంచు ఉంటే ఈదుకుంటూ వస్తాను.

కెరెన్సా


బ్రైహర్,
21 ఫిబ్రవరి

కెరెన్సా,

పరీక్ష అయిన మర్నాడే, ఆదివారం పొద్దున్నే చెప్పకుండా హెలికాప్టర్ ఎక్కేశావు. మాట పంపించడం నా పని కాబట్టి పంపుతున్నా.

మూడో పీట మెర్రిన్‌ది. పడవలో మిగతా అయిదుగురూ కూర్చుని మాట్లాడుకున్నారు. నలుగురు మెర్రిన్ అన్నారు, ఒకరు నువ్వన్నారు. నువ్వు అదనపు మనిషివి. ఎవరికైనా జ్వరమొస్తే నీ వంతు.

మీ అమ్మ నీకు కేకు చేసింది, అది ఇక్కడే ఉండిపోయింది. ముక్క పంపుతున్నాం.

పెద్దమ్మ


పెన్జాన్స్,
12 మార్చి

పెద్దమ్మా,

కేకు అందింది. జవాబు ఆలస్యమైంది.

ఓడిపోయినందుకు ఆలస్యం కాదు. మెర్రిన్ బాగా లాగింది. ఆమె లాగుతున్నప్పుడు నేను ఒడ్డున ఉండి చూశాను, నాకే తెలిసింది. ఆలస్యం ఇంకొక దానికి. నా వంతు వచ్చి మూడో పీటలో కూర్చున్నాక, రాతి దాకా వెళ్లి తిరిగేటప్పుడు ఒడ్డు వైపు చూశాను. నీ చుక్కాని వేరేవాళ్ల చేతికిచ్చి నువ్వు షెడ్డు ముందు పెట్టె మీద కూర్చున్నావు. సముద్రానికి వీపు పెట్టి. మెర్రిన్ వంతులోనూ, నా వంతులోనూ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. నవంబరునుంచి నేను ఏం చేశానో చూడాల్సిన మనిషివి నువ్వొక్కదానివే. చూడలేదు. వాళ్లు ఎవరినైనా ఎంచుకోనీ, నువ్వు చూసి ఉండొచ్చు. ఇది రాయడానికి మూడు వారాలు పట్టింది. చించినవి కూడా ఉన్నాయి.

తిరిగొచ్చాక మిషను ముట్టుకోలేదు. తాడు అలాగే ఉంది, పీట అలాగే ఉంది. బట్టలకోసం ఆ గదిలోకి వెళ్లినప్పుడు దాని మీద సబ్బు డబ్బా పెట్టేదాన్ని. జొయన్ కూడా ఎక్కడిదాకా వెళ్లావని అడగడం మానేసింది, అది తెలివైనది.

నిన్న పొద్దున సబ్బు డబ్బా తీసి కింద పెట్టి కూర్చున్నాను. ఎందుకో చెప్పలేను. పరీక్ష లేదు, పీట లేదు, మే నెలలో నాకు పడవ లేదు. తెర మీద అంకెలు పడకుండా దాని మీద తువ్వాలు కప్పాను. చాలాసేపు లాగాను. దేనికోసమూ కాకుండా లాగడం ఇదే మొదటిసారి. లాయరు కూడా రాలేదు, వాదించడానికి అతనికేం దొరకలేదనుకుంటాను. ఇవాళ కూడా కూర్చున్నాను.

కెరెన్సా


బ్రైహర్,
20 మార్చి

కెరెన్సా, ఒసేయ్ పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ మీద కేకలేశా. “దానికి చెప్పలేదా?” అంటే, “నువ్వు చెప్పావనుకున్నా,” అంది. ఇద్దరం ఇద్దరమే.

చుక్కాని పట్టే మనిషి ఇంటి పిల్ల పరీక్షకు వస్తే, ఆ మనిషి పడవ దిగాలి, సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలి, అంతా అయ్యేదాకా తల తిప్పకూడదు. తిప్పితే ఆ పిల్ల పరీక్ష చెల్లదు. ఈ దీవిలో పడవలు పుట్టినప్పటినుంచీ ఇంతే. నా పరీక్షప్పుడు చుక్కాని పట్టే మా అమ్మ కూడా అలాగే కూర్చుంది, వానలో, పొద్దంతా. నీకు ఊహ వచ్చాక మన ఇంట్లో ఎవరూ పరీక్షకు రాలేదు, నీకెలా తెలుస్తుంది? నీకు తెలుసనుకుని ఉత్తరంలో ఒక్క మాటా రాయలేదు. నేను తల తిప్పి ఉంటే నీకు ఆ ఒక్క ఓటూ ఉండేది కాదు.

కానీ చెవులు మూసుకోమని ఎవరూ అనలేదు. నా చెవులు ఫోనుకే పనికిరావు, తెడ్ల చప్పుడు ఇక్కడ, కడుపులో వినబడుతుంది. నీ లాగుడు బరువుగా ఉంది, లోతుగా ఉంది, మన ఆడవాళ్లలో అంత బరువు ఇద్దరికే ఉంది. కానీ మిగతా అయిదుకంటే వెంట్రుకవాసి ముందు పడుతోంది. ప్రతిసారీ. నలుగురూ అదే చెప్పారు: “దానికి బలముంది, కానీ ముందున్న వీపును చూడదు, తనొక్కతే ఉన్నట్టు లాగుతుంది.” ఎవరిని చూస్తావు? పరీక్ష దాకా మూడున్నర నెలలు నీ ముందు గోడే ఉంది. గోడకు ఊపిరి ఉండదు, భుజం కదలదు. తాడు కట్టమన్నానే గానీ ఈ సంగతి నాకూ తట్టలేదు.

సరే. నీకు కావలసింది ముందొక వీపు. మే దాకా అదనపు మనిషిగా కూర్చుని ఎవరికి జ్వరం వస్తుందా అని ఎదురుచూడ్డం నీలాంటిదానికి పనికిరాదు, ఎదుటివాళ్ల ఆరోగ్యానికీ మంచిది కాదు. మీ పక్కనే న్యూలిన్ రేవులో ఆడవాళ్ల పడవకు ఒక మనిషి తక్కువైందని విన్నా. దాని చుక్కాని జెనోబియా. అది నాకు పాత శత్రువు. ఒక మలుపు దగ్గర నా తెడ్డు విరగ్గొట్టింది, ఇరవై ఏళ్లుగా మేం పలకరించుకోలేదు. నీ ఉత్తరం అందిన రోజే దానికి ఉత్తరం రాశా. నీ గురించి రెండే ముక్కలు: బరువు ఉంది, వీపు చూడదు. జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది: ‘పంపు.’ అంతే. దాని రాత నా రాతకంటే ఘోరం.

మా మీద పోటీకి రమ్మంటున్నానని ఎవరూ అనుకోకూడదు. ఎవరు అనుకున్నా నాకేం. నీ పేరు మన అదనపు పట్టీలోంచి కొట్టేశా. మెర్రిన్ విని, “అయ్యో, నా వెనక ఎవరూ లేరా ఇక!” అంది. ఉండదు మరి, పక్కన ఉంటుందన్నా.

పెద్దమ్మ


పెన్జాన్స్,
శుక్రవారం, 5 ఏప్రిల్

లవ్‌డే పెద్దమ్మకు,

ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మెట్ల మీద నిలబడి, రెండోసారి కూర్చుని. నువ్వు నా వైపు చూడకుండా పెట్టె మీద కూర్చున్నావని నెలకు పైగా కోపం మోశాను. దించేశాను. ఎక్కడ దించానో కూడా గుర్తులేదు.

సోమవారం న్యూలిన్ వెళ్లాను. జెనోబియా పిన్ని చేపల మార్కెట్టు వెనక వల బాగుచేస్తోంది. పిన్ని అని పిలవమని తనే అంది. నన్ను పైనుంచి కిందికి చూసి, “లవ్‌డే చెల్లెలి కూతురువా? ముక్కు అదే. తెడ్డు విరగ్గొట్టింది నేను కాదు, దాని తెడ్డుకే పురుగు పట్టింది, ఆ మాట రాయి,” అంది. రాశాను. అయిదో పీట ఇచ్చింది. దాని ముందున్న వీపు మార్కెట్లో పీతలు అమ్మే హెస్టర్‌ది. వెడల్పాటి వీపు, ముదురునీలం స్వెట్టరు. ఎడమభుజం ముందు లేస్తుంది, తర్వాత కుడిది, అప్పుడు తెడ్డు నీళ్లలో పడుతుంది. మొదటి రోజు నేను ఆమెకంటే ముందే నీళ్లలో ఉన్నాను. “ఏమ్మా, బస్సు అందుకోవాలా?” అంది వెనక్కి తిరగకుండానే. రెండో రోజు ఒక్కసారే అంది. నిన్న అనలేదు.

మిషను మానలేదు. ఈ వారం పడవ ఉన్న రోజుల్లో సాయంత్రాలు, లేని రోజుల్లో పొద్దున. ఇప్పుడు గోడ మీద మాట తీసేశాను. జొయన్‌ను నా ముందు కుర్చీలో అటు తిరిగి కూర్చోమంటున్నాను. అది పరీక్షలకు చదువుకుంటుంది, నేను దాని భుజాలు ఊపిరికి లేచి దిగడం చూస్తూ లాగుతాను. “నన్ను చూసి ఏం నేర్చుకుంటావే, నేను కదలనుగా?” అంటుంది. కదులుతుంది. పేజీ తిప్పినప్పుడు ఒకలా, విసుగొచ్చినప్పుడు ఒకలా.

మే పోటీల గురించి ఒకటి ఆలోచించాను. తెడ్డు వేసేవాళ్లం వెనక్కి చూస్తూ ముందుకు పోతాం కదా. మీరు మాకంటే ముందుంటే డోర్కాస్ నాకు కనబడదు, చప్పుడే వినబడుతుంది. మేం ముందుంటేనే నీ ముఖం కనబడుతుంది. కాబట్టి నిన్ను చూడాలంటే నాకు దారి ఒక్కటే ఉంది. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఫరవాలేదు.

రేపు శనివారం, జెనోబియా పిన్ని మొదటిసారి రేవు దాటి బయటి సముద్రంలోకి తీసుకెళ్తుందట. తెడ్డు ఒరుసుకునే చోట చుట్టిన తోలుకు రాయడానికి ఎవరి కొవ్వు వాళ్లే తెచ్చుకోవాలని చెప్పింది. కసాయి దుకాణంలో పందికొవ్వు కొని, వెచ్చదనానికి కరగకుండా కిటికీ బయట పెట్టాను. ఆరింటికి రేవులో ఉండాలి. నడక అరగంట, మెట్ల దగ్గర హెస్టర్ కలుస్తానంది. అయిదుంపావుకు లేస్తాను.

కెరెన్సా